ఆపద సంకేతం ఎవరికి చేరుతుంది? సిక్కోలు తీరంలో స్కూబా డైవర్ల పరికరాల ఎంపిక

నీటి అడుగు నుంచి పైకి తేలిన డైవర్‌కు చాలాసార్లు బోటు కనబడుతూనే ఉంటుంది, కానీ బోటులో ఉన్నవారికి డైవర్ కనబడడు. మూడు నాలుగు వందల మీటర్ల దూరంలో, మీటరు ఎత్తు కెరటాల మధ్య, నీటిపైన తేలే తల వలిచిన కొబ్బరికాయ కంటే పెద్దగా అనిపించదు. తడిసిన జుట్టు, నల్లటి మాస్కు సముద్రపు రంగులో కలిసిపోతాయి, కెరటం లేచిన ప్రతిసారీ ఆ తల మరుగున పడుతుంది. ఉద్దానం తీరంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. అక్కడి నీటిలో వలలకు కట్టిన బెండ్లు, ప్లాస్టిక్ డబ్బాలు, థర్మోకోల్ ముక్కలు తేలుతూ ఉంటాయి కాబట్టి, గుండ్రంగా ఏదో కదిలినట్టు కనిపించినా బోటు నడిపే వ్యక్తి దాన్ని వల గుర్తుగా భావించి, వల తెగకుండా పక్కకు తప్పుకొని వెళ్లిపోయే అవకాశమే ఎక్కువ.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్లు, విజయనగరం జిల్లాకు 28 కిలోమీటర్ల తీరం ఉంది. బారువ దగ్గర ఎప్పుడో మునిగిన చిల్కా ఓడ శిథిలాన్ని చూడడానికి ఉత్సాహవంతులు దిగుతున్నారు, విజయనగరం తీరంలోని చింతపల్లి వైపు కూడా ఈ క్రీడ పేరు వినిపిస్తోంది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే కోస్ట్‌గార్డ్ నౌకలు, విమానాలు ఈ తీరానికి రావలసింది ఎక్కువగా విశాఖపట్నం నుంచే. విశాఖ నుంచి చింతపల్లి నేరుగా లెక్కిస్తే సుమారు 60 కిలోమీటర్లు, బారువ 190 కిలోమీటర్ల పైమాటే. గంటకు 20 నాటికల్ మైళ్ల వేగంతో బయల్దేరిన నౌక బారువ చేరడానికి ఐదు గంటలు పడుతుంది. గంటకు ఒక నాటికల్ మైలు చొప్పున కదిలే మామూలు ప్రవాహంలో పడిన డైవర్ ఆ ఐదు గంటల్లో తొమ్మిది కిలోమీటర్లకు పైగా కొట్టుకుపోతాడు. అందుచేత ఈ తీరంలో పరికరాన్ని ఎంచుకొనేటప్పుడు అది ఎంత దూరం పలుకుతుందో అడగడానికి ముందు, దాని పలుకు వినగలిగేవారు ఇక్కడ ఎవరున్నారో తేల్చుకోవాలి.

1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బ్యారియర్ రీఫ్ దగ్గర ఒక అమెరికన్ జంటను నీటిలోనే వదిలేసి డైవింగ్ బోటు ఒడ్డుకు తిరిగి వచ్చింది. వారు లేరన్న సంగతి రెండు రోజుల తర్వాత గాని బయటపడలేదు, వారు మళ్లీ దొరకలేదు. 2008లో ఇండోనేషియాలోని కొమోడో ప్రాంతంలో ఐదుగురు యూరోపియన్ డైవర్లు ప్రవాహానికి కొట్టుకుపోయి, రింకా ద్వీపానికి చేరి, రెండు రోజుల పాటు అక్కడే గడిపి బతికి బయటపడ్డారు. మొదటి ఘటనలో తలల లెక్క తప్పింది, రెండో ఘటనలో ప్రవాహం గెలిచింది. రెండింటిలోనూ డైవర్లకు తాము ఎక్కడున్నామో బయటి ప్రపంచానికి చెప్పే మార్గం లేకపోయింది.

పరికరాలలో ఎక్కువ మోజు తెప్పించేవి రేడియో పరికరాలు. జీపీఎస్‌తో తన స్థానాన్ని తెలుసుకొని, ఏఐఎస్ అనే నౌకల గుర్తింపు వ్యవస్థ ద్వారా చుట్టుపక్కల ఓడల తెరల మీద ఆపద గుర్తుగా ప్రత్యక్షమయ్యే చిన్న పరికరాలు డైవర్ల కోసమే తయారవుతున్నాయి. నాటిలస్ వంటి కంపెనీలు మూత బిగించి ఉన్నంతవరకు వంద మీటర్లకు పైగా లోతును తట్టుకొనేలా వీటిని చేస్తున్నాయి. పెట్టె మీద దూరం ముప్పై మైళ్లకు పైగా అని రాసి ఉంటుంది, ఆ అంకెను చూసి కొనేవారే ఎక్కువ. ఆ అంకె అబద్ధం కాదు గాని, వినేవారి ఎత్తును బట్టి మారిపోతుంది. ఈ సంకేతాలు వీహెచ్‌ఎఫ్ అనే రేడియో తరంగాల మీద నడుస్తాయి, అవి దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతాయి. రెండు యాంటెన్నాల ఎత్తులను మీటర్లలో తీసుకొని, వాటి వర్గమూలాలను కూడి, 4.12తో గుణిస్తే సుమారు ఎన్ని కిలోమీటర్లు అందుతుందో తెలుస్తుంది. నీటిలో తేలే డైవర్ చేతిలోని యాంటెన్నా 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అతని వైపు నుంచి రెండు కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే వస్తుంది. బోటు మీద యాంటెన్నా నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే మరో ఎనిమిది కిలోమీటర్లు కలుస్తుంది. అంటే మొత్తం పది కిలోమీటర్లు. అదే 300 మీటర్ల ఎత్తున ఎగిరే హెలికాప్టర్‌కైతే 70 కిలోమీటర్ల దూరం నుంచే సంకేతం అందుతుంది. పెట్టె మీద అంకె ఎత్తైన ఓడలనూ విమానాలనూ ఉద్దేశించి రాసినది.

ఇక వినేవారి సంగతి. పెద్ద వాణిజ్య నౌకలన్నింటిలో ఏఐఎస్ ఉంటుంది గాని, అవి తీరానికి దూరంగా తమ దారిన తాము పోతుంటాయి. డైవింగ్ జరిగే లోతుల్లో, అంటే ఐదు నుంచి పదిహేను బారల నీటిలో, తిరిగేవి ఔట్‌బోర్డ్ మోటారు బిగించిన ఫైబర్ తెప్పలు. వాటిలో చాలావాటికి ఏఐఎస్ తెర ఉండదు, వీహెచ్‌ఎఫ్ రేడియో కూడా ఉండదు, ఉన్నదల్లా ప్లాస్టిక్ కవరులో చుట్టిన సెల్‌ఫోనే. ఆపదలో ఉన్న డైవర్‌కు రెండు వందల మీటర్ల దూరంలోనే ఇలాంటి తెప్ప వెళ్తున్నా, వేలకు వేలు పోసి కొన్న ఏఐఎస్ పరికరం అందులో ఉన్నవారికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

దీన్నిబట్టి ఏఐఎస్ పరికరం పనికిరాదని అనుకోకూడదు. వినేవారిని వెంట తీసుకెళ్లవలసిన బాధ్యత డైవింగ్ నిర్వాహకులదని అర్థం చేసుకోవాలి. డైవర్లను తీసుకెళ్లే బోటు మీద ఏఐఎస్ రిసీవరు, డీఎస్‌సీ సదుపాయం, అంటే ఆపద సంకేతాన్ని మాటలతో కాకుండా డిజిటల్ రూపంలో అందుకొనే ఏర్పాటు, ఉన్న వీహెచ్‌ఎఫ్ రేడియో బిగించి, యాంటెన్నాను ఒక గడ కట్టి వీలైనంత ఎత్తున నిలిపితే, డైవర్ దగ్గరి పరికరం నిజమైన రక్షణ అవుతుంది. తప్పిపోయినవారిని వెతకడానికి ముందుగా కదలగలిగేది వారిని తెచ్చిన బోటే కాబట్టి, పై అధికారులకు వార్త చేరేలోపే తెర మీద దూరం, దిక్కు చూసుకొని పది నిమిషాల్లో వెళ్లి ఎక్కించుకోవచ్చు. డీఎస్‌సీ సంకేతం 70వ ఛానెల్ మీద వెళ్తుంది, మాటలు 16వ ఛానెల్ మీద. చాలా పరికరాలలో సొంత బోటు రేడియో గుర్తింపు సంఖ్యను ముందుగా నమోదు చేసుకోవాలి. ఆ పని కొన్ననాడే ఇంట్లో కూర్చొని చేసుకోవాలి గాని, తీరంలో సిలిండర్లు ఎక్కించే హడావుడిలో చేయడానికి కుదరదు. బోటు నిర్వాహకుల దగ్గర రిసీవరు లేకపోతే, ఈ తీరంలో ఏఐఎస్ పరికరం కొనడాన్ని వాయిదా వేయడమే మేలు.

చుట్టుపక్కల వినేవారు లేనప్పుడు పైనుంచి వినేవారిని ఆశ్రయించాలి. పర్సనల్ లొకేటర్ బీకన్, అంటే పీఎల్‌బీ, 406 మెగాహెర్ట్జ్ మీద ఐదు వాట్ల శక్తితో కోస్పాస్-సర్సాట్ ఉపగ్రహాలకు సంకేతం పంపుతుంది. ఈ అంతర్జాతీయ వ్యవస్థ ద్వారా తొలిసారి ప్రాణాలు దక్కింది 1982లో. భారతదేశంలో దీని కేంద్రాన్ని ఇస్రో బెంగళూరులో నడుపుతోంది, అక్కడి నుంచి సమాచారం కోస్ట్‌గార్డ్ రక్షణ సమన్వయ కేంద్రాలకు వెళ్తుంది. బీకన్‌లో జీపీఎస్ ఉంటే స్థానం వంద మీటర్ల లోపు తేడాతో తెలుస్తుంది. జీపీఎస్ లేకుండా, తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహాల లెక్కతోనే స్థానం కట్టవలసి వస్తే తేడా ఐదు కిలోమీటర్ల వరకు ఉండవచ్చు. ఐదు కిలోమీటర్ల వలయంలో ఒక తలను వెతకడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు కాబట్టి, జీపీఎస్ లేని పాత బీకన్ ఎవరైనా చవకగా ఇస్తామన్నా తీసుకోకూడదు. 121.5 మెగాహెర్ట్జ్ మీద మాత్రమే పనిచేసే పాత పరికరాలైతే అసలు వద్దు. ఆ తరంగాన్ని ఉపగ్రహాలు వినడం 2009 ఫిబ్రవరి 1తోనే ఆగిపోయింది. కొత్త పీఎల్‌బీలలో అది దగ్గరికి వచ్చిన రక్షకులు దిక్కు పట్టడానికి మాత్రమే ఉంటుంది.

పీఎల్‌బీ బ్యాటరీ కనీసం 24 గంటలు పనిచేయాలని ప్రమాణం. అయితే దానికి ఆకాశం కనిపించాలి, యాంటెన్నా నిలువుగా నీటిపైన ఉండాలి. పీఎల్‌బీలు మనిషి చేతిలో పట్టుకొనేందుకు చేసినవి, చాలావాటికి వాటంతటవే నిలువుగా తేలే గుణం లేదు. అలల్లో గంటల తరబడి చేయి ఎత్తి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. కాబట్టి బీసీడీ, అంటే డైవర్ తేలడానికి వేసుకొనే గాలి జాకెట్టు, భుజం పట్టీకి బిగించే తాడు, కొక్కెం ముందే అమర్చుకోవాలి. ఒకసారి ఆన్ చేశాక, బ్యాటరీ మిగుల్చుకుందామని మధ్యలో ఆపడం తప్పు. ప్రవాహంతో పాటు స్థానం మారుతూనే ఉంటుంది, కొత్త స్థానాన్ని బీకన్ చెబుతూ ఉండాలి.

డైవర్లకు పీఎల్‌బీతో ఉన్న అసలు ఇబ్బంది లోతు. చాలా పీఎల్‌బీలను ఐదు, పది, మహా అయితే పదిహేను మీటర్ల నీటికి మాత్రమే పరీక్షిస్తారు. 30 మీటర్ల దగ్గర పీడనం ఉపరితలం మీది దానికి నాలుగు రెట్లు. అందుకే దాన్ని లోతుకు తట్టుకొనే గట్టి డబ్బాలో పెట్టి తీసుకెళ్లాలి. ఆ డబ్బా మూత దగ్గర నల్లటి రబ్బరు ఓ-రింగ్ ఒకటి ఉంటుంది, మొత్తం రక్షణ దాని మీదే ఆధారపడి ఉంటుంది. బారువ ఇసుక మీద కూర్చొని మూత బిగించేటప్పుడు ఒక్క ఇసుక రేణువు గాని, ఒక తల వెంట్రుక గాని ఆ గాడిలో చిక్కుకుంటే, పది మీటర్ల దగ్గర బయటికి కనిపించకుండానే ఉప్పునీరు లోపలికి చేరుతుంది. ఓ-రింగ్‌ను వేలి కొనతో చుట్టూ తడిమి చూసి, పలుచగా సిలికాన్ గ్రీజు రాసి, మెలి పడకుండా కూర్చోబెట్టాలి. కొత్త డబ్బాను మొదటిసారి బీకన్ లేకుండా, లోపల మడిచిన టిష్యూ కాగితం ఒకటి పెట్టి లోతుకు తీసుకెళ్లి రావాలి. కాగితం పొడిగా వస్తేనే రెండోసారి బీకన్‌ను అందులో పెట్టాలి. ఈ చిన్న పరీక్షకు రూపాయి ఖర్చు లేదు, అయినా దీన్ని చేసేవారు తక్కువ.

కొన్న పీఎల్‌బీని నమోదు చేయకపోతే దాని విలువ సగానికి పడిపోతుంది. ప్రతి బీకన్‌కూ 15 అక్షరాంకెల గుర్తింపు ఉంటుంది, అందులో దేశ సంకేతం కూడా ఇమిడి ఉంటుంది. భారతదేశానికి అది 419. దుబాయ్ నుంచో సింగపూర్ నుంచో చుట్టాలు తెచ్చి ఇచ్చిన బీకన్‌లో వేరే దేశపు సంకేతం ఉంటే, యజమాని వివరాల కోసం ఆ దేశపు నమోదు పుస్తకాన్ని అడగవలసి వస్తుంది, ఆలస్యానికి దారి పడుతుంది. పీఎల్‌బీ కూడా రేడియో ప్రసార పరికరమే కాబట్టి, మన దేశంలో దాని దిగుమతికీ వాడకానికీ కావలసిన అనుమతుల గురించి అమ్మకందారు నుంచి రాతపూర్వకంగా తెలుసుకున్న తర్వాతే డబ్బు కట్టాలి.

ఈ అనుమతుల సంగతి ఉపగ్రహ సందేశ పరికరాల విషయంలో మరీ ముఖ్యం. విదేశీ డైవర్లు ఇన్‌రీచ్ వంటి పరికరాలను మెచ్చుకుంటూ రాసినవి చదివి ఇక్కడివారూ కొనాలనుకోవడం సహజం. ఇరిడియం, తురాయా వంటి విదేశీ ఉపగ్రహాలతో నడిచే ఫోన్లు, సందేశ పరికరాలు టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం భారతదేశంలో చట్టవిరుద్ధం. వాటిని సామానులో పెట్టుకొని వచ్చిన విదేశీ యాత్రికులను మన విమానాశ్రయాల్లో అదుపులోకి తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. తీర భద్రత మీద నిఘా ఎక్కువగా ఉండే ఈ జిల్లాల్లో అలాంటి పరికరంతో తిరగడం మరింత చిక్కు తెచ్చిపెడుతుంది.

మత్స్యకారుల కోసం ఇస్రో 2010 నుంచి ఆపద సంకేత పరికరాలను అందిస్తోంది. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం పరికరం, తమ సంకేతం అందిందన్న జవాబును కూడా మత్స్యకారులకు తెస్తుంది. అదే ఏడాది ఆగస్టులో లక్ష చేపల బోట్లకు ట్రాన్స్‌పాండర్లు అమర్చే జాతీయ పథకం మొదలైంది. వాటితో ఒడ్డుకూ బోటుకూ మధ్య సందేశాలు రెండు వైపులా నడుస్తాయి. ఇవి బోటుకు చెందిన పరికరాలు, డైవర్ ఒంటి మీద ఉండేవి కావు. అయినా డైవింగ్‌కు బోటు మాట్లాడుకొనేటప్పుడు ట్రాన్స్‌పాండర్ ఉన్న బోటును, దాన్ని వాడడం తెలిసిన సరంగును ఎంచుకుంటే, డైవర్ తప్పిపోయిన వార్త సెల్ సిగ్నల్ అందని చోటు నుంచి కూడా ఒడ్డుకు చేరుతుంది. సెల్‌ఫోన్ మీద పూర్తిగా ఆధారపడడం ఎంత ప్రమాదమో 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఈ జిల్లా ప్రజలకు చెప్పే ఉంది. టవర్లు మూగబోయిన ఆ రోజులను ఇక్కడివారు మరచిపోలేదు.

రేడియో ఏదీ లేకపోయినా ఫైబర్ తెప్పలోని మనిషికి నేరుగా అర్థమయ్యేది కంటికి కనిపించే గుర్తు. ఈ తీరానికి అన్నింటికన్నా ముందు కొనవలసినది సర్ఫేస్ మార్కర్ బోయ్. ఊదితే నీటిపైన నిలువుగా లేచే నారింజ రంగు గొట్టం లాంటి సంచి అది. దాని పొడవు విషయంలో పిసినారితనం పనికిరాదు. మీటరు పొడవు సంచి అందంగా మడతపడి జేబులో ఇముడుతుంది గాని, నీటి మీద దాని సగం మునిగిపోయి, మిగిలిన సగం వల బెండులాగానే కనిపిస్తుంది. మీటరున్నర దాటినది, వీలైతే 1.8 మీటర్లది తీసుకోవాలి. వెడల్పు కూడా చూడాలి, సన్నని గొట్టం గాలికి వంగిపోతుంది. పైభాగంలో మెరిసే పట్టీ ఉంటే రాత్రి టార్చి వెలుగు పడగానే తిరిగి మెరుస్తుంది. అదనపు గాలిని వదిలే కవాటం లేని సంచిని కొనకూడదు. పది మీటర్ల దగ్గర నింపిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు అవుతుంది, కవాటం లేకపోతే కుట్టు పిగిలిపోతుంది. సంచిని నీటి లోపలి నుంచే, ఐదు మీటర్ల దగ్గర ఆగినప్పుడు, స్పూల్ తాడుతో పైకి వదలడం నేర్చుకోవాలి. అలా వదిలితే డైవర్ పైకి రాకముందే బోటువారికి తెలుస్తుంది, మోటారు పంకా కింద పడే ప్రమాదమూ తప్పుతుంది. సంచి ఇద్దరికి ఒకటి చాలునన్న మాట ఒప్పుకోదగినది కాదు. కొట్టుకుపోయే సమయంలో ఇద్దరూ విడిపోయే అవకాశమే ఎక్కువ.

ఈల చవక, బరువు ఉండదు, తప్పక ఉండాలి. అయితే ఔట్‌బోర్డ్ మోటారు పక్కన కూర్చున్నవాడికి ఈల వినబడదు. సిలిండర్ గాలితో మోగే హారన్ చాలా దూరం వినిపిస్తుంది గాని సిలిండర్‌లో గాలి మిగిలి ఉండాలి. అద్దం ఎండ ఉన్న పగటి పూట ఎంతో దూరం మెరుపు పంపుతుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. రాత్రికి మెరిసే దీపం, దానితో పాటు నిలకడగా వెలిగే టార్చి రెండూ కావాలి, ఎందుకంటే మెరుపు చూపును లాగుతుంది గాని దూరాన్ని అంచనా వేయనివ్వదు. నీటికి రంగు వేసే పొడి విమానం నుంచి వెతికేవారికి పనికొస్తుంది. వంశధార, నాగావళి ఎర్రనీరు కలిసే వరద నెలల్లో దాని మీద ఆశ పెట్టుకోలేము. చేతి ఫ్లేర్ కనీసం ఒక నిమిషం ఎర్రగా మండుతుంది, అది బోటులో ఉండవలసినది.

నెలలను బట్టి కూడా అవసరం మారుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర, మోటారు బోట్ల వేటపై నిషేధం ఉంటుంది. మిగతా నెలల్లో కొట్టుకుపోయిన డైవర్‌ను ఏదో ఒక చేపల బోటు చూసే ఆశ ఉంటుంది, ఆ రెండు నెలలు ఆ ఆశ కూడా సన్నగిల్లుతుంది. పైగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తీర ప్రవాహం బలంగా ఉత్తరానికి సాగుతుంది. బారువ దగ్గర తప్పిపోయినవాడు ఇచ్ఛాపురం దాటి ఒడిశా నీటిలోకి వెళ్లవచ్చు, అప్పుడు గాలింపు రెండు రాష్ట్రాల పోలీసుల మధ్య పని అవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. నిషేధ కాలంలో దిగేవారికి పీఎల్‌బీ లేకుండా దిగడం తగదు. వేట జోరుగా సాగే నెలల్లో తీరానికి దగ్గరగా దిగేవారికి పొడవైన సంచి, ఈల, అద్దం, టార్చి ఉంటే, బోటులో కాపలా మనిషి కదలకుండా చూస్తుంటే, చాలావరకు సరిపోతుంది. డబ్బు పరిమితంగా ఉన్న బృందం ముందు అందరికీ సంచులు, తర్వాత కనీసం జంటకొక పీఎల్‌బీ, ఆపైన బోటుకు ఏఐఎస్ రిసీవరు, చివరికి డైవర్లకు ఏఐఎస్ పరికరాలు అనే వరుసలో కొనడం సబబు.

ఏ పరికరమైనా కళ్లు మూసుకొని ఒంటి చేత్తో తీసి వాడగలిగే చోట ఉండాలి. బీకన్‌ను పరీక్షించడానికి దానిలోని స్వీయ పరీక్ష మీటనే వాడాలి. ఊరికే ఆన్ చేసి చూస్తే నిజమైన ఆపదగానే లెక్కించి యంత్రాంగం కదులుతుంది. పొరపాటున ఆన్ అయితే వెంటనే ఆపి కోస్ట్‌గార్డ్‌కు 1554 నంబరులో చెప్పాలి. తీరంలోని మెరైన్ పోలీసులకు 1093. బ్యాటరీ గడువు తేదీని డబ్బా మూత మీదే చెరగని సిరాతో రాసుకోవాలి.

నమోదు పత్రంలో అత్యవసర ఫోను నంబర్లు రాయవలసిన గడి ఒకటి ఉంటుంది. బీకన్ మోగగానే అధికారులు మొదట ఆ నంబర్లకే ఫోను చేసి, ఈ మనిషి నిజంగా సముద్రంలో ఉన్నాడా, ఎక్కడ దిగాడు, వెంట ఎందరున్నారు, ఏ బోటు అని అడుగుతారు. చాలామంది అక్కడ తమ సొంత నంబరే రాసేస్తారు. ఆ ఫోను ఆ సమయానికి తాము దిగివచ్చిన బోటులో, తువ్వాలు చుట్టిన సంచి అడుగున మోగుతూ ఉంటుంది. అక్కడ రాయవలసినది ఇంటి దగ్గర ఉండే మనిషి నంబరు, ఆ రోజు ఏ ఊరి తీరం నుంచి, ఏ సరంగు బోటులో, ఎన్ని గంటలకు దిగుతున్నారో ముందుగా తెలిసిన మనిషి నంబరు.